తిరిగొచ్చిన తెల్ల డబ్బాలు

"ఏమే, నీ డబ్బాలు చూసి మందుల డబ్బాలనుకుంటన్నారే జనం."

కొత్త డబ్బాలు రావులపాలెం వెళ్లిన నాలుగో రోజు పిన్ని ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. 2000 డబ్బాలు అచ్చు వేయించాం. అమ్ముడైనవి, ఊరికే ఇచ్చేసినవి అన్నీ కలిపి ఓ 500 బయటికెళ్లాయి. మిగతావి తిరిగొస్తే కట్టలు కట్టి అటక ఎక్కించారు.

నేను గ్రాఫిక్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. డబ్బులు తీసుకుని చేసిన మొదటి పని ఈ పూతరేకుల డబ్బా. మా క్లాసులో కేస్ స్టడీ, అంటే చేసిన పని గురించి రాసే రిపోర్టు, ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో, మధ్యలో 'ఇన్‌సైట్' అని ఒక లైను. పారేసిన డబ్బాలు, అయిన ఖర్చు, ప్రింటర్‌తో పడ్డ గొడవ అందులో కనిపించవు. నాకు ఈ పనిలో ఒరిగిందంతా వాటివల్లే, కాబట్టి అవే ఎక్కువ రాస్తాను.

ముందు సరుకు సంగతి. పూత అంటే పిండి పూత, రేకు అంటే పల్చటి పొర. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్లలాగా జారుగా కలుపుతారు. ఆత్రేయపురంలో దీనికి జయ రకం బియ్యం వాడతారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డని కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. గుడ్డ దాటేలోపే రేకు తయారు. అంచు పట్టుకుని లేపితే వచ్చేస్తుంది. తర్వాత ఆ రేకుల్ని తడిగుడ్డతో కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి, యాలకుల పొడి, జీడిపప్పు వేసి మడిచి చుడతారు. తయారయ్యాక దానికి ఇద్దరు శత్రువులు: తేమ, ఒత్తిడి. తేమ తగిలితే సాగుతుంది, నొక్కితే పొడైపోతుంది. ఈ రెండు మాటలూ పిన్ని నాకు మొదటి రోజే చెప్పింది. నేను నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత కూడా గీశాను. రాసుకున్నదాన్ని డిజైన్ చేసేటప్పుడు తిరిగి చూడలేదు.

పిన్ని అంటే అమ్మకి వరసకి చెల్లెలు. ఆవిడ ఇంట్లో ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. ఇద్దరు రేకులు తీస్తే నలుగురు చుడతారు. సరుకులో సగం ఇంటి దగ్గరే అమ్ముడవుతుంది, మిగతాది హైవే మీద రావులపాలెంలో ఒక కొట్టుకి వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ఫోన్ ఆర్డర్లు వస్తే కొరియర్ చేస్తారు. అప్పటిదాకా వాడుతున్నది బజార్లో దొరికే రెడీమేడ్ స్వీటు డబ్బా. ఎరుపు, పసుపు, మధ్యలో లడ్డూ, జిలేబీ ఫొటోలు. లోపలున్నది పూతరేకులైనా పైన మాత్రం లడ్డూయే. పక్కన రబ్బరు స్టాంపుతో ఫోన్ నంబరు. ఖరీదు 8 రూపాయలు.

ఆ డబ్బా చూడగానే నాకు నవ్వొచ్చింది. లోపల ఒకటి, పైన ఇంకొకటి, ఇంతకన్నా తేలిగ్గా సరిచేయగల డిజైన్ ఉంటుందా అనుకున్నాను. ఆ లడ్డూ డబ్బాని కొనేవాళ్లు వందల సంఖ్యలో ఎందుకు అడక్కుండా పట్టుకెళ్తున్నారో ఆలోచించలేదు.

పిన్ని అడిగింది చిన్న కోరిక. "మనదని తెలిసేలా ఉండాలే. కొంచెం పెద్దింటి డబ్బాలా కనబడాలి. అంతే." వెంకటేశ్వర స్వామి బొమ్మ కూడా పెట్టమంది. తిన్నాక డబ్బా ఎక్కడికెళ్తుంది పిన్నీ అని అడిగితే ఒక్క క్షణం ఆగి, లెంపలేసుకుని, "వద్దులే, వద్దులే" అంది. ఈ మొత్తం పనిలో నేను సరిగ్గా అడిగిన ప్రశ్న బహుశా అదొక్కటే.

మొదటి డబ్బా ఇలా చేశాను. తెల్లటి అట్ట, దాని మీద మ్యాట్ లామినేషన్, అంటే మెరుపు లేని పల్చటి ప్లాస్టిక్ పొర. మధ్యలో సన్నటి గీతతో బోర్లించిన కుండ బొమ్మ, అరచేతిలో సగం కూడా లేదు. దాని కింద నేనే పెట్టిన ఒక బ్రాండ్ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, విడివిడిగా. ఆ పేరు ఇక్కడ రాయను, సిగ్గు. ఆ పేరు కింద ఇంకా చిన్నగా 'ఆత్రేయపురం పూతరేకులు'. మూతకి ఒక పక్క ప్లాస్టిక్ పొరతో కిటికీ. వెనకవైపు ఆరు లైన్లలో కుండ కథ. కాలేజీలో చూపిస్తే అందరికీ నచ్చింది. 'ఖాళీని బాగా వాడావు' అన్నారు. డబ్బా ఖరీదు 19 రూపాయలు పడింది. డై, అంటే అట్టని డబ్బా ఆకారంలో కోసే అచ్చు, దానికి వేరే 3500. పిన్ని నోరు మెదపకుండా ఇచ్చింది. ఆవిడ బేరమాడకపోవడం నాకు నమ్మకంలా అనిపించింది కానీ, అక్కచెల్లెళ్ల మధ్య మొహమాటం కూడా కొంత ఉందని తర్వాత తెలిసింది.

ఇక తిరిగొచ్చిన కారణాలు. పిన్ని ఒక్కొక్కటే చెప్పింది, కొన్ని నేను కొట్టు దగ్గర కూర్చుని చూశాను.

అన్నిటికన్నా ముందు నెయ్యి. పూతరేకు నెయ్యిని ఎంత బాగా పట్టుకున్నా ఎండలో కొంచెం వదులుతుంది. అది కిందికి దిగి అట్టలోకి పాకుతుంది. ఎరుపు, పసుపు డబ్బా మీద ఆ మరక ఎన్నేళ్లుగా ఉన్నా ఎవరికీ కనబడలేదు. నా తెల్ల డబ్బా అడుగున రెండో రోజుకే బూడిద రంగు మచ్చ తేలింది. పైన లామినేషన్ ఉన్నా లోపలి వైపు వట్టి అట్టే కదా. కొనేవాళ్లు డబ్బా తిప్పి చూసి పాత సరుకనుకున్నారు.

కిటికీ మరీ పెద్ద తప్పు. మూతలో ముక్క కోసేస్తే అక్కడ బలం పోతుంది. నాలుగు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెడితే కిందున్న దాని మూత లోపలికి వంగి రేకుల మీద కూర్చుంది. పైగా కొట్టు ముందు పొద్దున్న ఎండ నేరుగా పడుతుంది, కిటికీలోంచి లోపలికెళ్లి నెయ్యిని కరిగించింది. సరుకు కనబడితే నమ్మకం కుదురుతుందని క్లాసులో విన్నాను. నెయ్యి కరిగి ఒక పక్కకి జారిన పూతరేకు కనబడితే కుదిరేది ఏ నమ్మకమో!

తేదీ ఇంకో గొడవ. పిన్ని వాళ్లు ప్యాకింగ్ తేదీని రబ్బరు స్టాంపుతో వేస్తారు. లామినేషన్ మీద ఆ సిరా ఆరదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. సగం డబ్బాల మీద తేదీ ఉండాల్సిన చోట నీలం మరక. ఇది నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఎన్ని నెలలు ఆలోచించినా తెలిసేది కాదు. స్టాంపు వేసే అమ్మాయి పక్కన ఒక్క గంట కూర్చుంటే తెలిసిపోయేది.

కొలత తప్పింది కూడా ఇలాగే. మొదటి రోజు పిన్ని చుట్టిన ఒక రేకు తీసుకుని స్కేలు పెట్టి కొలిచి, దాన్నిబట్టి అయిదేసి చొప్పున రెండు వరసలకి డబ్బా గీశాను. పిన్ని చెయ్యి వేరు, మిగతా నలుగురి చేతులు వేరు. తర్వాత 40 చుట్లు తెచ్చి కొలిస్తే పొడవు దాదాపు ఒకటే గానీ లావులో చిటికెన వేలంత తేడా వచ్చింది. సన్నగా చుట్టినవి వేసిన డబ్బాలో ఖాళీ మిగిలింది. ఖాళీ ఉంటే బస్సులో అటూ ఇటూ కొట్టుకుంటాయి, దిగేసరికి పొడి. లావువి వేసిన డబ్బా మూత పడలేదు, నొక్కి మూశారు, అవీ పొడే.

ఇంకా, అక్షరాలు. 'ఆత్రేయపురం'లో తకారం కింద క్రావడి ఉంది. ప్రింటర్ దగ్గర నా ఫైలు తెరిచిన కంప్యూటర్‌లో తెలుగు సరిగ్గా కూర్చే సెట్టింగు లేదు. క్రావడి విడిపోయి 'ఆత్‌రేయపురం' అని పడింది. అచ్చుకి ముందు ఇచ్చే నమూనా, అంటే ప్రూఫ్, నేను చూశాను. చూశాను అంటే రంగు చూశాను, ఖాళీ చూశాను, కుండ గీత మందం చూశాను. అక్షరం మరీ చిన్నగా ఉంది కాబట్టి కంటికి ఆనలేదు. కొట్టు దగ్గర ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చదివి, "ఇదెక్కడి ఊరమ్మా?" అని అడిగాడు.

అసలు దెబ్బ మాత్రం అంతకన్నా సాదాగా తగిలింది. కారు ఆపి దిగినవాళ్లు కొట్టు ముందు నిలబడి, చుట్టూ చూసి, పక్క కొట్టుకి వెళ్లిపోయారు. వాళ్లు వెతుకుతున్నది ఎరుపు, పసుపు డబ్బాల గుట్ట. దూరం నుంచి ఆ గుట్ట కనిపిస్తే పూతరేకులు అమ్మే చోటని అర్థం. లడ్డూ ఫొటో ఎవరూ చూడరు. ఆ రంగే బోర్డు. నేను బోర్డు తీసేశాను.

సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, ఈ పాఠం నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. 2009 జనవరిలో అమెరికాలో పెప్సికో వాళ్లు ట్రాపికానా నారింజ రసం డబ్బా మార్చారు. నారింజ పండులో గుచ్చిన స్ట్రా బొమ్మ తీసేసి, గ్లాసులో రసం పెట్టి, అక్షరాలు నిలువుగా తిప్పి, శుభ్రంగా, ఆధునికంగా చేశారు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి, పాత డబ్బా తిరిగి తెచ్చారు. రుచి మారలేదు, ధర మారలేదు. అల్మరాలో చెయ్యి పెట్టేవాళ్లకి తమ డబ్బా కనబడలేదు. ఇదంతా మూడు పేజీలు రాసిన నేనే, ఆరు నెలల తర్వాత రావులపాలెంలో అచ్చంగా అదే చేశాను. అది అమెరికా కథ, కోట్ల డాలర్ల కంపెనీ కథ కాబట్టి పిన్ని ఇంటికి వర్తించదని మనసులో ఎక్కడో అనుకున్నట్టున్నాను.

రెండోసారి పని మొదలుపెట్టే ముందు రెండు రోజులు కొట్టు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. కొట్టాయనకి నేను అడ్డమే, అయినా "కూకోమ్మా, ఆయ్" అన్నాడు. కొనడానికి వచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారో రాసుకున్నాను. దాదాపు అందరూ అడిగినవి మూడే ప్రశ్నలు, దాదాపు అదే వరసలో. "బెల్లంవా, పంచదారవా?" "ఎన్నుంటాయి?" "ఎన్నాళ్లుంటాయి?" ఆ తర్వాత ధర. ఏ ఊరివని ఎవరూ అడగలేదు, ఆత్రేయపురమేనని ముందే నిశ్చయం. ఎవరు చేశారని అస్సలు అడగలేదు. కుండ కథ ఎవరికీ పట్టలేదు. నా తెల్ల డబ్బా ముఖం మీద ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. వెనకవైపు, చిన్న అక్షరాల్లో, చట్టం అడిగిన చోట మాత్రం ఉన్నాయి.

ఇంకోటి గమనించాను. ఎవరూ ఒక్క డబ్బా కొనరు. మూడు, నాలుగు కొంటారు. అత్తారింటికి ఒకటి, ఆఫీసుకి ఒకటి, పక్కింటివాళ్లకి ఒకటి, దారిలో తినడానికి ఒకటి. కొట్టాయన వాటిని పురికొసతో ప్లస్ గుర్తులా కట్టి చేతికిస్తాడు. కట్టేటప్పుడు ఆ తాడు నా డబ్బా అంచుల్ని కోసేస్తోంది. తీసుకెళ్లేవాళ్లు డబ్బాని చూపించేది ఇంటికెళ్లాక, గుమ్మంలో, 'ఆత్రేయపురం పూతరేకులు తెచ్చాను' అంటూ.

ఆ వాక్యం నాకు చాలా పనికొచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు 'కరాచీ బిస్కెట్లు తెచ్చాను' అంటారు, స్వీట్లయితే 'పుల్లారెడ్డి' అంటారు. 1948లో కర్నూలులో మొదలైన కొట్టు పేరు అలా నోట్లో స్థిరపడింది. పూతరేకులకి అలాంటి కొట్టు పేరు చెప్పరు, ఊరి పేరే చెబుతారు. ఇక్కడ బ్రాండు ఊరు. అది పిన్ని ఒక్కదానిదీ కాదు, ఊళ్లో కుండ వెలిగించే ప్రతి ఇంటిదీ. నేను దాన్ని అయిదో వంతు సైజుకి కుదించి, పైన నా కల్పిత పేరు రుద్దాను. ఊరి పేరు పెద్దది చేసి, ఇంటి పేరు కింద సంతకంలా పెట్టాలి. బ్రాండింగ్ పుస్తకాలు దీనికి ఒప్పుకోవు. వేరుగా కనబడు, సొంత పేరు నిలబెట్టు అంటాయి. కొన్ని సరుకుల విషయంలో ఆ సలహా నిజమే. అరకు కాఫీ విషయంలో చూడండి, ఊరి పేరూ బ్రాండు పేరూ ఒకటే చేసుకుని పారిస్ దాకా వెళ్లింది. పిన్నికి ఆ స్థోమత లేదు, అవసరమూ లేదు.

ఊరి పేరు గురించి ఇంకో ముక్క. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందరూ జీఐ ట్యాగ్ అంటారు. నేను ఎగిరి గంతేసి రెండో డిజైన్‌లో జీఐ గుర్తు పెద్దగా పెట్టేశాను. తర్వాత తెలిసింది, ఆ గుర్తు వాడాలంటే 'అధీకృత వినియోగదారు'గా పేరు నమోదు చేయించుకోవాలి. ఊళ్లో ఉన్నంత మాత్రాన, వంద ఏళ్లుగా చేస్తున్నంత మాత్రాన హక్కు రాదు. పిన్ని నమోదు కాలేదు. గుర్తు తీసేశాను, కాగితాలు పెట్టమని బాబాయ్ వెంటపడ్డాను. ఆయన "చూద్దాంలే" దగ్గర ఉన్నాడు. డబ్బా మీద ఆ గుర్తుకి సరిపడా చోటు మాత్రం వదిలే ఉంచాను.

చట్టం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా క్లాసులో లేబుల్ నియమాలకి ఒక్క పీరియడ్ ఇచ్చారు, దాన్ని అందరం అలంకారం పాడుచేసే తలనొప్పిగా చూశాం. ఆహార భద్రత సంస్థ నియమాల ప్రకారం పదార్థం పేరు, వాడిన దినుసులు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువ వరసలో, పోషక విలువలు, నికర బరువు, తయారీదారు చిరునామా, 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచి, తేదీలు, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, ఇవన్నీ ఉండాలి. నెయ్యి పాల పదార్థం, జీడిపప్పు గింజ జాతి, రెండూ ఎలర్జీ హెచ్చరికలోకి వస్తాయి. తూనికలు కొలతల నియమాల వైపు నుంచి అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకి ఫోన్ నంబరు. అంకెలు కనీసం ఎంత ఎత్తుండాలో కూడా డబ్బా ముఖం సైజును బట్టి లెక్క ఉంది. నా తెల్ల డబ్బా అంకెలు ఆ లెక్కకి తక్కువ. ఎవరూ పట్టుకోలేదు, అదృష్టం.

నాకు కష్టంగా అనిపించింది ఒకటుంది. ఈ తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, తెలుగు ఒక్కటే అయితే చెల్లదు. ఆత్రేయపురంలో చేసి రావులపాలెంలో అమ్మే డబ్బా మీద కూడా అంతే. ఇంగ్లీషుకి చోటిచ్చాక తెలుగుకి మిగిలే చోటు చాలా తక్కువ. అందుకే చాలా డబ్బాల వెనక తెలుగు మాయమవుతుంది. పగతో ఎవరూ తీసెయ్యరు, చోటు చాలక పోతుంది. నేను వెనక ముఖమంతా ఇంగ్లీషుకి వదిలేసి, ముందు ముఖం పూర్తిగా తెలుగుకి ఇచ్చాను. పదార్థం పేరు మాత్రం ఇంగ్లీషులో కూడా ముందుంది.

రెండో డబ్బా ఇలా తేలింది.

రంగులు రెండు. పంచదారవాటికి పసుపు, అంచులు ఎరుపు. బెల్లంవాటికి బెల్లం రంగే, అంచులు అదే ఎరుపు. దూరం నుంచి గుట్టగా చూస్తే పాత ఎరుపు, పసుపు గుట్టే కనబడుతుంది, దగ్గరికొస్తే మొదటి ప్రశ్నకి జవాబు. నెయ్యి మరక ఈ రంగుల్లో కలిసిపోతుంది. అడుగు భాగాన్ని కావాలనే ఇంకా ముదురుగా ఉంచాను. లోపల నూనె పట్టని కాగితం పరుస్తున్నాం.

ముఖం మీద పెద్దగా 'ఆత్రేయపురం', దాని కింద 'పూతరేకులు'. ఫాంటుకి రామభద్ర వాడాను, తెలుగులో ఉచితంగా దొరికే లావాటి అక్షరాల్లో నాకు నచ్చినది. లావు అక్షరాలకి ఒక చిక్కుంది, గుడి, సున్న, తలకట్టు మధ్యలో ఖాళీలు చిన్నవి, సిరా పాకితే మూసుకుపోతాయి. మామూలు అట్ట మీద సిరా పాకుతుంది. అందుకే చిన్న సైజులకి రామభద్ర వాడకుండా మండలి అనే ఫాంటుకి మారాను. వరసల మధ్య ఇంగ్లీషుకి చాలినంత ఖాళీ తెలుగుకి చాలదు, కింద ఒత్తు, పైన గుడి ఢీకొంటాయి. ఈసారి ప్రింటర్‌కి పంపే ముందు అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేశాను, ఇక విడిపోవడానికి ఏమీ లేదు. ప్రింటర్ దగ్గర అంతా అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్ల మీద నడుస్తుంది, యూనికోడ్ అక్షరాలు వాటితో కలవవు. ఆయన నా యూనికోడ్ ఫైలు చూసి, "ఇదేదో నేనే మళ్లీ టైప్ చేసిస్తాలే మేడమ్" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, కానీ అలా మళ్లీ టైప్ చేసినప్పుడే 'స్వచ్ఛమైన నెయ్యి' కాస్తా 'స్వచ్చమైన' అవుతుంది. వద్దని బతిమాలాను. ప్రూఫ్‌ని ఈసారి పిన్ని చేత, పనిచేసే ఆడవాళ్ల చేత పైకి చదివించాను. రంగు చూడమనలేదు, చదవమన్నాను. ఒకావిడ 'యాలకులు' దగ్గర ఆగింది, అక్కడ నిజంగానే ఒక అక్షరం పోయింది.

పేర్ల కింద మూడు గళ్లు: బెల్లంవో పంచదారవో, 10 చుట్లు, ఏ తేదీలోపు తినాలో. చట్టానికి బరువు గ్రాముల్లో కావాలి, కొనేవాళ్లకి లెక్క కావాలి. రెండూ పక్కపక్కన పెట్టాను. తేదీ గడి మీద వార్నిష్ లేకుండా వట్టి అట్ట వదిలేయించాను, స్టాంపు సిరా అక్కడ ఆరుతుంది. లామినేషన్ పూర్తిగా తీసేశాం, వార్నిష్‌తో సరిపెట్టాం. దాంతో డబ్బా 14 రూపాయలకి దిగింది. కిటికీ లేదు. మూత అంచుల్లో నాలుగు వైపులా పురికొస కూర్చునే చిన్న గాడి ఇచ్చాను. కొట్టాయన దాన్ని చూసి ఏమీ అనలేదు, తాడు తీసి గాడిలో పెట్టి కట్టేశాడు. నా చదువులో నాకొచ్చిన మంచి మార్కు అదే.

కుండ కథ మాత్రం పారేయబుద్ధి కాలేదు. మూత లోపలి వైపుకి మార్చాను. డబ్బా తెరిచి, ఒకటి నోట్లో పెట్టుకుని, 'ఇది ఎలా చేస్తారు?' అని ఎవరో ఒకరు అడిగే సమయానికి కథ కళ్ల ముందుంటుంది. నాలుగు బొమ్మలు, నాలుగు చిన్న వాక్యాలు.

అక్కడే ఇంకో సమస్యకి కూడా చోటు దొరికింది. తెలుగువాళ్లు కాని స్నేహితులకి పూతరేకులు పెట్టిన ప్రతివాళ్లకీ ఇది తెలుసు: వాళ్లు రేకుని కాగితం అనుకుని విప్పి పక్కన పెట్టి లోపలి పంచదార తింటారు. హాస్టల్‌లో మా రూమ్మేట్ నా కళ్లముందే ఆ పని చేసింది. పైగా పిన్ని వాళ్లు ఒక్కో చుట్టుని తెల్లటి బటర్ పేపర్‌లో చుడతారు. తెల్ల కాగితం లోపల తెల్ల కాగితంలాంటి రేకు, ఏది విప్పాలో కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది? బటర్ పేపర్ బయటి వైపు అంచున అరటాకు పచ్చ పట్టీ వేయించాను, తిండికి తగిలే లోపలి వైపు సిరా లేకుండా. మూత లోపల తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో ఒక్క వాక్యం: 'పచ్చ అంచు కాగితం విప్పండి, తెల్ల రేకు తినండి.' మొత్తం డబ్బాలో నేను గర్వపడే వాక్యం ఇదే. ఇందులో కవిత్వం లేదు.

ప్రకటన దగ్గర మళ్లీ కొంచెం దారి తప్పాను. వాట్సాప్‌లో పెట్టడానికి పోస్టర్ కావాలంది పిన్ని. 'కాగితం తినండి!' అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద పూతరేకు ఫొటో పెట్టాను. నాకు భలే ఉందనిపించింది. పిన్ని చూసి, "కాగితం తినమంటే ఎవరు కొంటారే? ముప్ఫై ఏళ్లుగా తిండి చేస్తన్నాను నేను, కాగితం కాదు" అంది. నొచ్చుకుంది. తెలివైన ప్రకటన చేసేటప్పుడు అది ఎవరి ఖర్చు మీద తెలివో చూసుకోవాలి. అక్కడ జోకు నాది, చిన్నబోయింది ఆవిడ.

ఫెవికాల్ ప్రకటనలు ఇన్నేళ్లయినా నిలబడటానికి కారణం వెతుకుతూ పాతవన్నీ మళ్లీ చూశాను. కిక్కిరిసిన బస్సు మీద, అంచుల మీద జనం వేలాడుతూ ఎగుడుదిగుడు దారిలో పోతుంటారు, ఒక్కరూ పడరు. నవ్వంతా అతుక్కోవడం మీదే, ఆ సరుకు చేసే పని మీదే. మరి పూతరేకు చేసే పనేంటి? పల్చగా ఉండటం. దాని మీద పెడదామనుకున్నాను. పిన్ని చేత అప్పుడే తీసిన రేకుని ఒక శుభలేఖ మీద పట్టించి ఫోన్‌తో తీశాం. రేకులోంచి పెళ్లికూతురి పేరు చదవొచ్చు. దాని ముందు కుండ మీద గుడ్డ లాగడం, రేకు లేపడం. మొత్తం 20 సెకన్లు. మాటల్లేవు, పాట లేదు, మంట చిటపట మాత్రం ఉంచాను. పిన్ని దాన్ని మొదట పంపింది వాళ్ల అక్కకి, అంటే మా అమ్మకి. అమ్మ నాకు పంపింది, 'పిన్ని చేసింది చూడవే, ఎంత బాగుందో' అని.

ఫలితాలు రాయాలి కదా. అమ్మకాలు ఎంత పెరిగాయో శాతంలో చెప్పలేను. పిన్ని లెక్కలు పలక మీద ఉంటాయి, సాయంత్రానికి చెరిపేస్తుంది. పైగా కొత్త డబ్బా సంక్రాంతికి ముందు వచ్చింది, సంక్రాంతికి ఏ డబ్బాలో పెట్టినా పూతరేకులు ఆగవు. చెప్పగలిగింది ఇది: డబ్బా విప్పితే పొడి వచ్చిందన్న ఫోన్లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. కొరియర్‌లో వెళ్లేవాటికి పైన ఇంకో మందపాటి అట్టపెట్టె తప్పదు, అది ఇంకా సరిగ్గా కుదరలేదు. వానాకాలం ఇంకా రాలేదు, అసలు పరీక్ష అప్పుడే. కొట్టాయన రెండోసారి సరుకు అడిగేటప్పుడు "ఆ పసుపు డబ్బాలే పంపండి" అన్నాడట.

చుట్ల లావు తేడా ఒక్కటి మిగిలింది. చుట్టేవాళ్లందరి చేతులూ ఒకే కొలతకి రావు, రావాలని అడగడం కూడా నాకిష్టం లేదు. డబ్బాలో ఖాళీ మిగిలినప్పుడు వరసల మధ్య నిలబెట్టడానికి అట్ట పట్టీలు కావాల్సొచ్చింది. కొత్తగా చేయిస్తే ఒక్కోటి రూపాయి పైనే. పిన్ని అటక వైపు చూసింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు, కుండలు ఆరాక, ఇద్దరు కూర్చుని నా తెల్ల డబ్బాల్ని కత్తెరతో పట్టీలుగా కోస్తున్నారు. ఒక్కో డబ్బాకి ఎనిమిది వస్తాయి. చుట్లకి బటర్ పేపర్ ఉంటుంది కాబట్టి ఈ అట్ట తిండికి తగలదు. పోయిన వారం నేను వెళ్లినప్పుడు ఒక డబ్బా విప్పి చూశాను. రెండు వరసల మధ్య పట్టీ మీద నేను గీసిన సన్నటి కుండ సగం కనబడింది, తలకిందులుగా.

"అది అలాగే పెడతాం," అంది కోస్తున్నావిడ. "కుండని బోర్లించే కదా రేకు తీసేది."

అటక మీద ఇంకా ఓ 900 ఉన్నాయి.